పదింటిబండి

ఆ ఊళ్ళో కొత్త వీధి అంటే అన్నిటికన్నా పాత వీధి. కట్టిననాడు కొత్తదే కదా అని ఆ పేరు పెట్టారు, తర్వాత మార్చే తీరిక ఎవరికీ లేకపోయింది. రైలుబండ్ల సంగతీ అంతే. ఊరు పుట్టిన కొత్తలో, అంటే పట్టాలు వేసి, వాటి పక్కన గింజల గోదాములు కట్టి, గోదాముల చుట్టూ ఇళ్ళు లేచిన రోజుల్లో, పొద్దున పూట మూడు పాసింజరు బండ్లు వచ్చేవి. ఒకటి ఆరింటికి, ఒకటి ఎనిమిదింటికి, ఒకటి పదింటికి. కొన్నేళ్ళకి లైను అవతలికి పొడిగించినప్పుడు రైల్వేవాళ్ళు మూడింటినీ రెండేసి గంటలు ఆలస్యంగా నడపడం మొదలుపెట్టారు. బండ్లయితే జరిగాయి గానీ పేర్లు ససేమిరా జరగలేదు. ఆరింటిబండి ఎనిమిదికి వచ్చేది, ఎనిమిదింటిబండి పదికి వచ్చేది, పదింటిబండి మిట్టమధ్యాహ్నం పన్నెండుకి వచ్చేది. ఇదేం గోలయ్యా అని ఎవరైనా అడిగితే, గోలేముంది, పదింటిబండి పన్నెండుకే కదా వస్తుంది అని అడిగినవాళ్ళనే ఎగాదిగా చూసేవాళ్ళు.

పదిహేనేళ్ళ కిందట ఆ పాసింజర్లు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు గింజలు మోసుకుపోయే గూడ్సులే తప్ప మనిషి ఎక్కే బండి లేదు. అయినా ఊరివాళ్ళ నోట్లో అవి నడుస్తూనే ఉన్నాయి. ఆరింటిబండి దాటినా లేవవేం అని తల్లులు పిల్లల దుప్పట్లు లాగుతారు. పదింటిబండి వేళయింది, ఇంకా పొయ్యి మీద ఏమీ పెట్టలేదా అని మొగుళ్ళు పెళ్ళాలని సాధిస్తారు.

అలాంటి ఊరికి నూరేళ్ళ పండగ వచ్చింది. హెడ్మాస్టరు అధ్యక్షుడిగా అయిదుగురితో కమిటీ వేశారు. ఆహ్వానం రాసే పని కార్యదర్శి కాటా పెద్దమ్మ మీద పడింది. ఆమె మొదటి వాక్యంలో "మన ఊరికి నూరేళ్ళు నిండిన సందర్భంగా" అని రాస్తే హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచిపోయాడు. నూరేళ్ళు నిండాయని ఎవర్ని అంటారండీ, బతికున్న ఊరిని పూడ్చిపెట్టేస్తారా అని తగువేసుకుని, "నూరేళ్ళు పూర్తయిన" అని దిద్దించి గానీ కూర్చోలేదు. ఆ ఒక్క మాట మీద కమిటీ రెండు సాయంత్రాలు కొట్టుకుంది. దాని కిందే ఉన్న ఇంకో మాట అయిదు జతల కళ్ళ ముందునుంచీ దర్జాగా దాటిపోయింది. "పదింటిబండి వేళకు స్టేషన్ ఆవరణలో కలుసుకుందాం" అని ఉందక్కడ. ఆ రోజు కోసం రైల్వేవాళ్ళు పాతవేళకే, పన్నెండుకే, ఆరు పెట్టెల ప్రత్యేక బండి పంపుతున్నారు. ఊరివాళ్ళని జంక్షన్ దాకా తీసుకెళ్ళి వెనక్కి తెస్తుంది. దాన్ని పదింటిబండి అనక ఇంకేమంటారు?

కాటా పెద్దమ్మ ఎవరో చెప్పాలి. గోదాముల ముందు లారీలనీ ట్రాక్టర్లనీ ఎక్కించి తూచే పెద్ద కాటా ఒకటుంది. దాని గదిలో ఆమె ముప్ఫై ఆరేళ్ళు కూర్చుంది. ఇరవైల్లో కాటా అమ్మాయి, నలభైల్లో కాటా అక్క, అరవై దగ్గరపడేసరికి కాటా పెద్దమ్మ అయింది. పెళ్ళి చేసుకోలేదు. అన్నకూతుర్ని తన దగ్గరే పెంచి, తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. నోరు కాస్త పెద్దది. ఎంత మోతుబరి వచ్చినా, దిగు, మనిషి లోపలుండగా లారీ తూచను అని కిటికీలోంచి అరిస్తే కిందికి దిగాల్సిందే. రాత మాత్రం ముత్యాలే. రెండువందల పది ఆహ్వానాలకీ చిరునామాలు ఆమే రాసింది. రెండువందల పదకొండోది ఎవరికీ చెప్పకుండా రాసి, తనే వెళ్ళి డబ్బాలో వేసి వచ్చింది.

అది ఒక మెకానిక్కుకి. ముప్ఫై నాలుగేళ్ళ కిందట కాటా మొరాయించింది. నిండు లారీకీ ఖాళీ లారీకీ ముల్లు తన ఇష్టమొచ్చిన చోట నిలబడుతుంటే, కంపెనీవాళ్ళు ఒకతన్ని పంపారు. ఊరు అతనికి కాటా ఇంజనీరు అని పెద్ద బిరుదే తగిలించింది. దిగింది కూడా పదింటిబండిలోనే. మూడు వారాలు కాటా కింద గోతిలోనే ఉన్నాడు. పలకలు ఎత్తి చూస్తే గోతినిండా ఏళ్ళ తరబడి పేరుకున్న గింజల దుమ్ము, అందులో కూరుకుపోయిన ఇనప లీవర్లు. అతను కింద, ఆమె పైన. ఇప్పుడెంత అని అతను కిందనుంచి అరిస్తే ఆమె ముల్లు చూసి చెప్పేది. ఇరవై కిలోల ఇనప తూకపురాళ్ళు నాలుగు మూలలా మార్చి మార్చి పెట్టించి, నాలుగు చోట్లా ఒకే తూకం వచ్చేదాకా వదిలిపెట్టలేదు. ఒకసారి ఆమె చప్పుడు కాకుండా పలక మీదికెక్కి నిలబడితే, లీవరు కదలిక చూసి, పైనెవరు అని అడిగాడు. ఎవరూ లేరని బొంకింది. ఎవరూ లేనివాళ్ళు యాభై రెండు కిలోలున్నారే అన్నాడు గోతిలోంచి. ఆ మాట తల్చుకుని ఆమె వారం రోజులు ఒంటరిగా నవ్వుకుంది.

చివరి రోజు సాయంత్రం అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తలెత్తకుండా, రేపు వెళ్ళిపోతున్నాను, నాతో వచ్చేస్తావా అని అడిగాడు. ఔనని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఇంట్లో నాన్నకి చెప్పకుండా మాటివ్వడం ఆమెకి నచ్చలేదు. పైగా ఆ వయసులో పౌరుషానికేం తక్కువ.

“రేపు పదింటిబండికి స్టేషన్‌లో ఉండండి. అక్కడే చెప్తాను,” అంది. “నేను రాలేదంటే కాదన్నట్టే. ఇక ఉత్తరాలూ వద్దు, మళ్ళీ అడగడాలూ వద్దు.”

ఆ సాయంత్రం నాన్నకి అంతా చెప్పింది. ఆయన టీ కప్పు కింద పెట్టి, కాటాకి ఇంకెవరైనా దొరుకుతారులే, వెళ్ళు అన్నాడు. మర్నాడు ఆమె పెట్టె సర్దుకుని, టిక్కెట్టు కొనుక్కుని, పన్నెండుకి పావుగంట ముందే ప్లాట్‌ఫాం మీదికొచ్చింది. అతను లేడు. బండి వచ్చింది. లోపల ఉన్నాడేమో చూద్దామని ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడు ఆ స్టేషన్‌లో జెండా ఊపే ముసలాయన, ఊరంతా జెండా తాత అని పిలిచే మనిషి, పక్కకొచ్చి ఎవరి కోసమని అడిగాడు. చెప్పింది. కాటా ఇంజనీరా, ఎనిమిదింటిబండికే వెళ్ళిపోయాడు గదమ్మా అన్నాడు. ఆమె కాలు కిందికి దించుకుంది.

రెండు గంటలు ముందే పారిపోయాడు. ఎదురుపడి మాట్లాడే ధైర్యం లేక, తనొచ్చేలోగా చల్లగా జారుకున్నాడు. ఆమెకి అర్థమయింది ఇదే, ముప్ఫై నాలుగేళ్ళు మోసింది ఇదే. కోపం అనే అనుకుంది. వట్టి కోపమే అయితే నాలుగేళ్ళలో చల్లారేది. కంపెనీ నుంచి ఏటా కాటా పరీక్షకి ఎవరో ఒకరు వచ్చేవారు. వచ్చేది వేరే మనిషని కాగితం మీద పేరు చూశాక కూడా, ఆ రోజు ఆమె తల రెండుసార్లు దువ్వుకునేది. ఎన్ని సంబంధాలు వచ్చినా ఏదో ఒక వంక పెట్టి తిప్పికొట్టింది. అతను కావాలి, అంతే. అది ఎవరితో చెప్పుకునే సంగతి?

ఊరి పండగ పేరుతో ఇప్పుడొక సాకు దొరికింది. కంపెనీలో పాత గుమాస్తాని పట్టుకుని చిరునామా సంపాదించింది. పదిరోజులకి ఒక కార్డు ముక్క వచ్చింది, "తప్పకుండా వస్తాను" అని. ఆనాటినుంచీ ఆమె ఒక్క ప్రశ్నే సానబెడుతోంది. ఎనిమిదింటిబండికి ఎందుకు పారిపోయారు? సమాధానం ఏదైనా సరే, వినకుండా పోతే ఈ బతుక్కి ఊరట లేదనిపించింది. గిన్నెలు కడుగుతూ ఆ ప్రశ్న పైకే అనేస్తే, ఎవరితో అత్తా మాట్లాడుతున్నావు అని మేనకోడలు తొంగిచూసింది. గోడతో, అదైనా ఎదురు చెప్పకుండా వింటుంది అని తలుపు మూసుకుంది.

పండగ రోజు పొద్దున ఆమె తీరిగ్గా తయారవుతోంది. పదకొండున్నరకి బయల్దేరితే చాలు. నోట్లో రెండు పిన్నులు పెట్టుకుని జుట్టు ముడేస్తుంటే హెడ్మాస్టరు రొప్పుతూ గడప దాటాడు. ఆయన మంచిగా ఉన్నప్పుడు అక్కా అంటాడు, కోపమొస్తే కార్యదర్శిగారూ అంటాడు.

“కార్యదర్శిగారూ, కొంప మునిగింది. బయట ఊళ్ళవాళ్ళంతా వచ్చి స్టేషన్‌లో పడిగాపులు కాస్తున్నారు. మన ఊరివాడు ఒక్కడుంటే ఒట్టు. కొందరు తిట్టుకుంటూ బస్సెక్కి వెళ్ళిపోయారు కూడా.”

గంట పదిన్నరే కదా, పదిన్నరకి వాళ్ళకక్కడేం పని అని ఆమె పిన్నుల మధ్యనుంచే అడిగింది.

“పదింటిబండి అని రాశాంగా మరి. అది పన్నెండుకొస్తుందని వాళ్ళకేం తెలుసు? బయటివాళ్ళకి పదింటిబండి అంటే పదింటికొచ్చే బండే కదా.”

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. నువ్వు మాత్రం చదవలేదా, కమిటీలో అయిదుగురం చదివాం కదా అని మామూలుగా అయితే ఆమె కడిగిపారేసేది. ఆ పూట ముడి సగంలో వదిలేసి మంచం మీద కూర్చుంది. బయటివాళ్ళకి పదింటిబండి అంటే పదింటికొచ్చే బండి. ఆ రోజుల్లో పదింటికి వచ్చింది ఏ బండి? ఎనిమిదింటిబండి. జెండా తాత అబద్ధం చెప్పలేదు. అతనూ పారిపోలేదు. చెప్పిన వేళకి చెప్పిన చోట నిలబడి, ఆమె రాకపోతే వచ్చిన బండి ఎక్కాడు. మూడు వారాలు గోతిలో ఉన్న మనిషికి ఊరి వేళలు ఎవరు చెప్పారు? ఊళ్ళో పుట్టి పెరిగినది తను. ఒక్క ముక్క, పన్నెండుకి అని, నోరు తెరిచి చెప్పి ఉంటే సరిపోయేది. అంతలోనే ఇంకో సంగతి తట్టి దిగ్గున లేచింది. ఈసారీ అదే మాట రాసి అదే మనిషికి పంపింది.

చెప్పులు వేసుకుందో లేదో కూడా చూసుకోకుండా కొత్త వీధి వెంట పడింది. బేకరీ ముందు ఎవరో పలకరిస్తే వినిపించలేదు. ఎదురుగా వస్తున్న ప్రతి బస్సు కిటికీల్లోకీ చూసుకుంటూ, ఉండు, ఈ ఒక్కసారికి ఉండు అని గొణుక్కుంటూ, యాభై ఎనిమిదేళ్ళ మనిషి సగం పరుగు సగం నడకగా స్టేషన్ చేరింది. ప్లాట్‌ఫాం మీద పాతిక మంది మిగిలారు. రిటైరైన స్టేషన్ మాస్టర్లు, గింజల వ్యాపారులు, వాళ్ళ వాళ్ళు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ చివరిదాకా వెళ్ళింది. లేడు. పార్సిలు గది పక్కకి తిరిగింది. అక్కడ తుప్పుపట్టిన సామాన్ల తూకం ముందు ఒక నెరిసిన తల వంగి ఉంది.

“ఇది రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోందండీ, ఎవరికైనా చెప్పాలి,” అన్నాడాయన తలెత్తకుండానే.

తర్వాత తలెత్తాడు. బాగున్నారా అనబోయి, బాగున్నావా అన్నాడు. ఆమె మూడు వారాలుగా సానబెట్టిన ప్రశ్న కాస్తా గాలికి పోయింది.

“ఆ రోజు ఎన్నింటికి వెళ్ళారు?” అంది.

“పదింటికి. నువ్వు చెప్పిన బండికే. తొమ్మిదినుంచీ కూర్చున్నాను. గార్డుని బతిమాలి రెండు నిమిషాలు ఆపించాను కూడా. నువ్వు రాలేదు.”

“మా ఊళ్ళో పదింటిబండి పన్నెండుకి వస్తుంది.”

ఆయనకి వెంటనే తలకెక్కలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. ఊరివాళ్ళ పేర్లూ, జరిగిన వేళలూ, జెండా తాత మాటా, తను ఇన్నేళ్ళు తిట్టుకున్న తిట్లూ అన్నీ చెప్పింది.

“అయితే పన్నెండుకి వచ్చావా?”

“వచ్చాను.”

“ఏం చెబుదామని?”

చుట్టూ జనం లేకపోతే ఆమె అక్కడే భోరుమనేది. “పెట్టె సర్దుకుని వచ్చాను,” అంది. “ఇంకేం చెబుతాను?”

ఆయన ఆ తూకం పలక మీదే కూలబడ్డాడు. తన సంగతులు చెప్పాడు. ఆరేళ్ళు ఎవర్నీ చూసుకోలేదట. తర్వాత పెళ్ళయింది, ఇద్దరు కూతుళ్ళు, మనవలు. భార్య మంచిది. ఆహ్వానం చూసి, ఏళ్ళనుంచీ లోపలే నలుగుతున్నారు, వెళ్ళి ఆవిడెందుకు రాలేదో అడిగి రండి, ఈ వయసులో నా దగ్గర దాచేదేముంది అని ఆవిడే చొక్కా ఇస్త్రీ చేసి పంపిందట. ఆ మాటకి కాటా పెద్దమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇద్దరూ ఒకే ప్రశ్న మూటగట్టుకుని ఒకచోటికి వచ్చారన్నమాట. ఆయన భార్య మీద అసూయ పడదామన్నా చేతకాలేదు. అయినా పడింది, కొంచెం.

“ఇంకొకటి చెప్పనా,” అన్నాడు. “జంక్షన్‌లో దిగి నా బండి కోసం కూర్చున్నాను. రెండు గంటల తర్వాత మీ ఊరి మీదుగా ఇంకో పాసింజరు వచ్చింది. మనసు ఊరుకోలేదు. నీకు ఆలస్యమై దాన్లో వస్తున్నావేమో అని, ఒక్కో కిటికీలోంచి చూసుకుంటూ పోయాను. చివరి పెట్టె దాకా చూశాను.”

“ఆ బండి మెట్టు మీదే ఒక కాలు పెట్టాను,” అందామె. “దించేశాను.”

అప్పటికి ఊరు రావడం మొదలుపెట్టింది. కుర్చీలు మోసేవాళ్ళు మోశారు, బయటివాళ్ళ చేతుల్లో టీ కప్పులు పెట్టి హెడ్మాస్టరు పేరుపేరునా క్షమాపణలు చెప్పుకున్నాడు. సరిగ్గా పన్నెండుకి ఆరు పెట్టెల బండి మలుపు తిరిగి కనిపించింది. పదింటిబండి వచ్చింది, పదింటిబండి వచ్చింది అని ముసలీ ముతకా పిల్లా పీచూ ఒక్క గొంతుతో కేకలు పెట్టారు. గడియారం కింద నిలబడి ఆ కేకలు విన్నాడాయన. పైన రెండు ముళ్ళూ పన్నెండు మీద ఒకదాన్నొకటి కప్పుకుని ఉన్నాయి. నిజమే అని తలాడించాడు, ఎవరో కాదన్నట్టు.

మేనకోడలు వచ్చి అత్తని ఒకసారి చూసి, ఆయన్ని ఒకసారి చూసి, ఎవరని అడగలేదు. ఇంజను నుంచి రెండో పెట్టెలో కిటికీ పక్క సీటు ఖాళీ చేయించి ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తను వేరే పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆయన ఎలాగూ జంక్షన్‌లోనే దిగి ఇంటికి బస్సెక్కాలి. గంట ప్రయాణం. కోతకొచ్చిన మొక్కజొన్న చేలు కిటికీ పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి. గోతిలో దుమ్ము ఇప్పుడెవరు తీస్తున్నారని ఆయన అడిగాడు. నెలనెలా తనే దగ్గరుండి తీయిస్తున్నానని ఆమె చెప్పింది. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. మాట్లాడాల్సినవి అవి కావని ఇద్దరికీ తెలుసు. ఎదురుగా ఉన్న మనిషి కోసం మనసు ఇంతగా కొట్టుకుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. దూరంగా ఉన్నప్పుడే నయం అనిపించింది. వెంటనే, కాదు, ఇదే నయం అనిపించింది.

జంక్షన్‌లో బండి పావుగంట ఆగుతుంది. ఇంజను విప్పి వెనకవైపు తగిలించాలి. చివరిగా టీ తాగుదాం, ఇక్కడే ఉండు, తెస్తాను అని ఆయన దిగాడు. సందడిగా ఉంది ప్లాట్‌ఫాం. ఊరివాళ్ళు సగం మంది దిగి తిరుగుతున్నారు. ఇంజను వెళ్ళి అటు చివర తగులుకుంది. ఆయన రెండు చేతుల్లో రెండు కప్పులతో జనంలోంచి బయటపడ్డాడు. ఇంజను ఎటుందో చూసి, ఆ లెక్కన రెండో పెట్టె అనుకుని అటు నడిచాడు. ఆమె ఉన్న పెట్టె ఇప్పుడు వెనకనుంచి రెండోది.

ఆమెకి అంతా కనిపిస్తూనే ఉంది. ఆయన ఒక కిటికీ దగ్గర ఆగి లోపలికి వంగి చూశాడు. లేదు. పక్క కిటికీ. లేదు. టీ ఒలికి వేళ్ళ మీద పడుతున్నా దులుపుకోకుండా ఇంకో కిటికీకి నడిచాడు. తల నెరిసింది, నడుం వంగింది, మొహంలో మాత్రం ఆ వెతుకులాట ఏమీ ముసలిది కాదు. ఆ రోజు ఇలాగే చూశాడన్నమాట. ఇలాగే ఒక్కోదాని ముందూ ఆశపడి, ఒక్కోదాని ముందూ చిన్నబోయి, చివరిదాకా వెళ్ళాడన్నమాట. ఆయన మూడో పెట్టె దాటాడు. ఊరుకుంటే తనే వచ్చేస్తాడు, ఇంకెంత దూరమని. కానీ ఆయన ఇంకొక్క కిటికీలోకి చూసి తను లేదని తెలుసుకోవడం ఆమె ఓర్చుకోలేకపోయింది. భుజం దాకా కిటికీలోంచి బయటికి వచ్చి, చెయ్యి ఊపి, లారీవాళ్ళని దించే గొంతు ఎక్కడుందో వెతికి పట్టుకుని, ప్లాట్‌ఫాం అంతా తిరిగి చూసేలా పిలిచింది.

“ఇక్కడున్నాను. ఈ బండిలోనే ఉన్నాను.”